స్నేహితులతో ట్రాక్ డేలకి వెళ్తున్నా, నా రైడింగ్ ఒకచోటే ఆగిపోయింది. ఏం చేయాలి?

రెండోగేరు:

మేం నలుగురం ఒక జట్టు. ట్రాక్ డే (సొంత బండ్లని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) ఎప్పుడున్నా కలిసే పేర్లిస్తాం, కలిసే వెళ్తాం, ఒకే గ్రూపులో దిగుతాం. నాది 400 సీసీ బండి. మిగతా ముగ్గురివీ 600, ఆ పైన.

మొదట్లో వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తగా పట్టుబడేది. ఈమధ్య ఏమీ కదలడం లేదు. సెషన్ మొదలైనప్పుడు వాళ్ళ వెనకే ఉంటాను. స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నని భాగం) రాగానే ముగ్గురూ జారుకుంటారు. మలుపు దగ్గర అందుకుందామని కాస్త ఆలస్యంగా బ్రేక్ పడతాను. అక్కడే తేడా కొడుతోంది. బండి లోపలికి రాదు, వెడల్పుగా పోతుంది. వాళ్ళు థ్రాటిల్ (యాక్సిలరేటర్) తెరుచుకుని వెళ్ళిపోతుంటే నేనింకా బండిని లైన్లోకి, అంటే మలుపులో పోవాల్సిన దారిలోకి, లాక్కుంటూ ఉంటాను.

పిట్‌లో (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోట) హెల్మెట్ తీసేలోపే సలహాలు మొదలు. 'మలుపులో బండిని ఇంకా పడుకోబెట్టరా' అని ఒకడు. ఇంకొకడు నా వెనక టైరు దగ్గర కూర్చుని, అంచున అరగని రబ్బరు ఎంతుందో, అంటే నేను ఎంత తక్కువ వాల్చానో, వేలుతో కొలిచి అందరికీ చూపిస్తాడు. మూడోవాడు బండి మార్చెయ్యమంటాడు. ఎడమ మలుపుల్లో మోకాలు అప్పుడప్పుడూ నేలకి తగులుతుంది. కుడివైపు ఎప్పుడూ తగల్లేదు, ఎందుకో తెలీదు.

బండి మార్చాలా? వాళ్ళ వెనకాల పడి పోతూ ఉంటే అదే వస్తుందా? ఒంటరిగా వెళ్ళమని మాత్రం చెప్పకండి. వాళ్ళు లేకపోతే నాకు ఆ రోజు మీద సగం ఉత్సాహమే ఉండదు.

లేట్‌బ్రేకర్:

బ్రో, ఎక్కువ ఆలోచిస్తున్నావ్. నీకంటే వేగంగా పోయేవాడి వెనక పడటమే స్కూలు. నేను నేర్చుకుందంతా అలాగే. వాడు ఎక్కడ బ్రేక్ పడితే అక్కడ పట్టు, వాడు ఎటు తిరిగితే అటు తిరుగు. భయం పోవాలంతే. బండి మార్చడం సంగతి తర్వాత చూడొచ్చు, 400తో కూడా కార్నర్లలో పెద్ద బండ్లని ఏడిపించొచ్చు.

జెండాపోస్ట్:

నేను కూడా బండి నడుపుతాను. కానీ ట్రాక్ మీదకంటే ట్రాక్ పక్కనే ఎక్కువ గడిపాను, మార్షల్‌గా, చేతిలో జెండాలతో. మార్షల్‌కి ఒకటే మలుపు కనిపిస్తుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే మలుపు, అవే బండ్లు. అందుకే చెప్తున్నా తమ్ముడూ, స్నేహితులతో వచ్చినవాళ్ళని హెల్మెట్లు మూసి ఉన్నా గుర్తుపట్టేస్తాం. నాలుగు బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వస్తాయి. మొదటివాడు ఎక్కడ తప్పితే మిగతా ముగ్గురూ అక్కడే తప్పుతారు. సాయంత్రానికి కూడా అదే తప్పు, కాకపోతే ఇంకొంచెం వేగంగా.

లేట్‌బ్రేకర్ చెప్పిన దాంట్లో 400 గురించిన మాట నిజం. 'వాడు పట్టినచోట బ్రేక్ పట్టు' అన్నదే నాకు మింగుడుపడనిది. వాడి 600 స్ట్రెయిట్ చివరికి వచ్చే వేగం వేరు, నీ 400 వచ్చే వేగం వేరు. బరువు వేరు, బ్రేకులు వేరు. వాడి గుర్తు నీకెలా పనికొస్తుంది? ట్రాక్‌లో బ్రేక్ లైటుకి టేపు ఎందుకు అంటిస్తారనుకున్నావ్? పడితే ముక్కలు చెదరకుండా ఉండటానికే కాదు, వెనకవాడు ఆ లైటు చూసి కంగారుగా బ్రేక్ పట్టకుండా కూడా. నీ గుర్తు నేలమీద ఉండాలి. దూరం చెప్పే బోర్డో, కెర్బ్ (ట్రాక్ అంచున ఉండే గట్టు) మొదలయ్యే చోటో, తారు మీద అతుకో. నీడని మాత్రం గుర్తుగా పెట్టుకోకు, మధ్యాహ్నానికి అది ఇంకెక్కడో ఉంటుంది.

గంటకి 180 కిలోమీటర్లంటే సెకనుకి 50 మీటర్లు. అరసెకను ఆలస్యంగా బ్రేక్ పట్టావంటే 25 మీటర్లు నీ చేతిలోంచి పోయాయి. ఆ హడావిడిలో చూపు ముందు చక్రం దగ్గరికి వచ్చేస్తుంది, చేతులు బిగుస్తాయి. లోపలి అంచు ఎక్కడుందో చూసే తీరికే ఉండదు. బండి నువ్వు చూసిన చోటికే పోతుంది. నువ్వు చూస్తున్నది దూరమైపోతున్న స్నేహితుడి వెనక టైరుని. ఇక లోపలికెలా వస్తుంది?

ఇప్పుడు ఆ 'ఇంకా పడుకోబెట్టు' సంగతి. ఒక చిన్న లెక్క చెప్తాను, చల్లగా కూర్చుని నువ్వే వేసి చూసుకో. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో 72 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే దాదాపు 39 డిగ్రీలు వాలాలి. అదే వంపులో వేగం 79 చేయాలంటే 45 డిగ్రీల దాకా పోవాలి. ఏడు కిలోమీటర్ల కోసం ఐదారు డిగ్రీలు. కానీ నువ్వు బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటికి తెరుచుకుంటూ ఆ వంపునే 60 మీటర్ల వ్యాసార్ధంగా మార్చుకున్నావనుకో, అదే 79 వేగానికి మళ్ళీ 39 డిగ్రీలే చాలు. బండి బరువు ఈ లెక్కలోకి రాదు. టైరు వెడల్పు వల్ల అసలు కోణం కాస్త పెరుగుతుంది గానీ కథ మారదు. అంటే నీకు కావలసింది ముందు లైను. వాలడం తర్వాత. టైరు అంచున రబ్బరు మిగిలితే మిగలనీ, దాన్ని కొలిచే మిత్రుడికి ఆ వేలుతో వేరే పని చెప్పు, కింద చెప్తాను.

మోకాలు కూడా అంతే. 1970ల చివర్లో అమెరికన్ రేసర్ కెన్నీ రాబర్ట్స్ మోకాలు నేలకి తగిలిస్తూ రేసులు గెలిచేసరికి ప్రపంచమంతా అదే పట్టుకుంది. మోకాలు ఎంత వాలామో చెప్పే కొలబద్ద, అంతకుమించి ఏమీ కాదు. శరీరాన్ని లోపలికి దించేది బండిని తక్కువ వాల్చి అదే వేగంతో పోవడానికి. చాలామంది నడుము మాత్రం పక్కకి జరిపి తలని ట్యాంకు మీదే ఉంచుతారు. మార్షల్ పోస్టు దగ్గర్నుంచి చూస్తే నవ్వొస్తుంది. పిర్ర ఒకటి బయట, తలకాయ బండికి అవతలివైపు. లోపలికి వెళ్ళాల్సింది తలా భుజాలూ.

కుడివైపు ఎందుకు తగలదు అంటావా, థ్రాటిల్ కుడిచేతిలో ఉంది కాబట్టి. కుడి మలుపులో శరీరం దించేసరికి మోచెయ్యి ముడుచుకుంటుంది, మణికట్టు తిరగదు, తిరగట్లేదని పిడికిలి బిగిస్తావు. బిగించిన చెయ్యి బండిని తిరగనివ్వదు. గ్రిప్‌ని అడ్డంగా కాకుండా స్క్రూడ్రైవర్ పట్టుకున్నట్టు కాస్త ఏటవాలుగా పట్టుకో, మోచెయ్యి కిందికి దిగడానికి చోటు దొరుకుతుంది. బరువంతా బయటివైపు తొడ మీద, ట్యాంకుకి ఆనించి నిలుపు. పిట్‌లో బండిని స్టాండు మీద పెట్టించి, ఒకర్ని పట్టుకోమని, ఆ భంగిమలో కూర్చుని మోచేతులు ఆడించి చూడు. ఆడకపోతే హ్యాండిల్‌ని పట్టుకుని వేలాడుతున్నావన్నమాట.

ఇక అసలు విషయం. ఒంటరిగా వెళ్ళమని నేనూ చెప్పను. కానీ నలుగురూ ఒకే గ్రూపులో ఎందుకు? ఇద్దరు ఒక గ్రూపు, ఇద్దరు ఇంకో గ్రూపు తీసుకోండి. మీరు ట్రాక్ మీద ఉన్నప్పుడు వాళ్ళు చూస్తారు, వాళ్ళు దిగినప్పుడు మీరు. ఇప్పుడు మీకు నలుగురు రైడర్లున్నారు గానీ ఒక్క ప్రేక్షకుడు లేడు. బయట నిలబడటానికి అనుమతించిన చోట, కంచెకి ఇవతలే, ఒక్క మలుపు ఎంచుకుని చూడాలి. మొత్తం ట్రాక్ కాదు, ఒక్క మలుపు.

ఏం చూడాలి అంటే, ముందు వినాలి. ఇది నేను పోస్టు దగ్గర నిలబడి నేర్చుకున్నదే. థ్రాటిల్ మూసిన క్షణం నుంచి మళ్ళీ తెరిచే క్షణం దాకా ఒక నిశ్శబ్దం ఉంటుంది. బాగా నడిపేవాళ్ళకి ఆ నిశ్శబ్దం పొట్టిగా, ప్రతి లాప్‌లోనూ ఒకేలా ఉంటుంది. ఎవరినో తరుముతున్నవాడికి పొడుగ్గా ఉంటుంది, లాప్ లాప్‌కీ మారుతుంది, మధ్యలో తెరిచి మళ్ళీ మూసే గుటకలు కూడా వినిపిస్తాయి. టైరు కొలిచే మిత్రుడి చేతికి ఫోన్లో స్టాప్‌వాచ్ ఇచ్చి ఆ నిశ్శబ్దాన్ని కొలవమను. లాప్ టైము కంటే ఇది నీకు ఎక్కువ చెప్తుంది. పైగా కొన్ని ట్రాక్ డేల్లో లాప్ టైమింగ్‌ని అసలు ఒప్పుకోరు.

ఆ తర్వాత తల ఎప్పుడు తిరిగిందో చూడమను. బండి వాలడానికి ముందే తిరగాలి. దిగి వచ్చాక ఈ రెండిట్లో ఒక్కటే చెప్పమను. ముగ్గురూ మూడు చెప్తే తర్వాతి సెషన్‌లో ఒక్కటీ చేయలేవు.

లేట్‌బ్రేకర్:

అక్కా, లెక్క ఒప్పుకుంటా. కానీ వెనకపడి నేర్చుకోవడం దండగ అంటే మాత్రం ఒప్పుకోను. ట్రాక్ కొత్తదైతే లైను చూపించేవాడు ముందు ఉండాలి కదా? ఇన్‌స్ట్రక్టర్లు కూడా అదేగా చేసేది.

జెండాపోస్ట్:

ఇన్‌స్ట్రక్టర్ ముందు పోతూ వెనకవాడి వేగానికి తగ్గట్టు నడుపుతాడు. మిత్రుడు తన వేగంతో తను పోతాడు. తేడా అదే. మీలో మీరు చేయాలంటే ముందే మాట్లాడుకుని చేయండి. ముందువాడు తన పూర్తి వేగంలో కాకుండా, బాగా తగ్గించి, లైను మాత్రం తప్పకుండా నడపాలి. వెనకవాడు దూరం ఉంచి, అతని టైరుని కాకుండా అతన్ని దాటి అవతలికి చూస్తూ రావాలి. రెండు లాప్‌ల తర్వాత స్ట్రెయిట్‌లో మారండి. ఇప్పుడు నెమ్మదైనవాడు ముందు, వేగమైనవాడు వెనక నుంచి గమనిస్తాడు. ఈ రెండో సగాన్ని ఎవరూ చేయరు, ఎందుకంటే వెనక ఉండాలంటే వేగమైనవాడికి అహం అడ్డం. నిజంగా పనికొచ్చేది అదే. స్ట్రెయిట్ మధ్యలో హఠాత్తుగా వేగం తగ్గించి ఆగడాలు, చేతులు ఊపడాలు వద్దు. మీ వెనక వేరేవాళ్ళు కూడా వస్తుంటారు.

ఇంకొకటి. రైడింగ్ శిక్షకుడు కీత్ కోడ్ 1980లో మొదలుపెట్టిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్లో మొదటి పాఠాల్లో ఒకే గేరులో, బ్రేకులు వాడకుండా నడిపిస్తారు. వినడానికి పిచ్చిగా ఉంటుంది. కానీ బ్రేక్ లేదని తెలిసినప్పుడు మలుపుకి ఎంత వేగం కావాలో కన్ను ముందే లెక్క వేసుకోవడం మొదలుపెడుతుంది. రద్దీ తక్కువున్న సెషన్‌లో, నిర్వాహకుల్ని అడిగి, అవసరమైతే బ్రేక్ పట్టుకునే స్వేచ్ఛ ఉంచుకుని కొన్ని లాప్‌లు చేసి చూడు.

స్పానర్‌చెయ్యి:

బాబూ, పై ఇద్దరూ రైడర్ని చూస్తున్నారు, నేను బండిని చూస్తాను, నా పని అది. 'ఆలస్యంగా బ్రేక్, తర్వాత వెడల్పుగా పోతోంది' అన్నావు. నాకు వినిపిస్తున్నది ఏంటంటే, గట్టిగా పట్టి, మలుపు మొదట్లో బ్రేక్ లీవర్ని ఒక్కసారిగా వదిలేస్తున్నావు. బ్రేక్ పట్టినప్పుడు ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు గొట్టాలు) నొక్కుకుంటుంది. దాంతో స్టీరింగ్ కోణం నిటారవుతుంది, ట్రెయిల్ (స్టీరింగ్ ఇరుసు గీత నేలని తాకే చోటుకీ టైరు నేలకి ఆనే చోటుకీ మధ్య దూరం) తగ్గుతుంది, వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) కాస్త కుదించుకుంటుంది. బండి చురుగ్గా తిరగడానికి ఇదే కావాలి. లీవర్ని పుటుక్కున వదిలేస్తే ఫోర్క్ పైకి లేస్తుంది, ఆ చురుకంతా పోతుంది, బండి బయటికి తోస్తుంది. అందుకే వాలుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా వదలాలి. ట్రెయిల్ బ్రేకింగ్ అని పెద్ద పేరు పెట్టారు గానీ సగం సంగతి వేళ్ళని నెమ్మదిగా తెరవడమే. వాలి ఉన్నప్పుడు బ్రేక్ కొత్తగా, గట్టిగా పట్టడం మాత్రం వేరే సంగతి. ముందు చక్రం జారిందంటే సర్దుకోవడానికి టైమివ్వదు.

అన్నిటికంటే మొదట బ్రేక్ ఆయిల్ మార్చు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ కనీస ప్రమాణం 155కి పడిపోతుంది. రోడ్డు మీద ఏళ్ళ తరబడి మార్చని ఆయిల్‌తో ట్రాక్‌కి వస్తారు. సెషన్ సగానికి లీవర్ మెత్తబడి హ్యాండిల్ దగ్గరికి వస్తుంది, రైడరేమో తనకే ధైర్యం చాలట్లేదనుకుంటాడు.

టైర్ల గాలి రోడ్డు మీద పెట్టే ప్రెషర్‌తోనే దిగకు. ట్రాక్ మీద టైరు బాగా వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది. నీ టైరు కంపెనీ ట్రాక్‌కి ఏం చెప్పిందో చూసుకుని, సెషన్ నుంచి వచ్చిన వెంటనే, వేడిమీదే కొలిచి రాసుకో. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సరిచేసింది మధ్యాహ్నం ఎండకి సరిపోదు. మొదటి లాప్‌లో టైరు రెండువైపులా వేడెక్కిందని అనుకోవద్దు. ట్రాక్‌లో ఎడమ మలుపులే ఎక్కువైతే కుడి అంచు చల్లగానే ఉంటుంది. నువ్వు కుడివైపు భయపడుతున్నావంటే నాకైతే అందులో తప్పేం కనిపించదు.

బండి మార్చడం అంటావా, వద్దు. సస్పెన్షన్ క్లిక్కులు (స్ప్రింగుల బిగువు సర్దే మరలు) తిప్పాలనుకుంటే ఒకసారికి ఒకటే, రాసుకుని తిప్పు. ఇంతకుమించి ఈ దశలో బండి మీద డబ్బు పెట్టకు.

రెండోగేరు:

అక్కా, అన్నా, థాంక్స్. నిన్న వెళ్ళొచ్చాం, అందుకే ఆలస్యంగా రాస్తున్నా.

రెండు గ్రూపులంటే మావాళ్ళు మొదట మూతులు ముడిచారు. సరదా ఏముంటుంది అన్నారు. మొదటి విరామంలోనే మారిపోయారు. కంచె దగ్గర నిలబడి ఒకడి గురించి ఇంకొకడు వ్యాఖ్యానం చెప్పడం ట్రాక్ మీద కంటే సరదాగా ఉందట. నిశ్శబ్దం కొలవడం మాత్రం భలే పనిచేసింది. మాలో అందరికంటే వేగమైనవాడిదే అందరికంటే పొడుగు! వాడు స్ట్రెయిట్‌లో సంపాదించిందంతా మలుపులో ఖర్చుపెట్టేస్తున్నాడు. వాడికది నచ్చలేదు.

నేను బ్రేక్ కాస్త ముందుగానే పట్టి, దాన్ని వదలడం మీదే దృష్టి పెట్టాను. లైను నిలబడుతోంది. కుడి మోకాలు ఇంకా తగల్లేదు, కానీ చేతులు నొప్పి లేకుండా దిగాను.

ఒక సందేహం. నిన్న వేరే గ్రూపులో ఒకతను పడ్డాడు. అతని మిత్రుడు పక్కకి ఆపి పరుగెత్తబోతే మార్షల్స్ కేకలేశారు. మాలో ఒకడు పడితే నిజంగా ఆగకుండా పోవాలా? మనసు ఒప్పుతుందా?

జెండాపోస్ట్:

ఆగకూడదు. ఇది మర్యాద సంగతి కాదు. పడ్డవాడి పక్కన నువ్వు ఆగితే వెనకొచ్చేవాడికి తగలడానికి ఇంకో బండి, ఇంకో మనిషి తయారుగా ఉన్నట్టే. వాళ్ళందరూ అప్పటికే నేల మీద ఉన్నవాడినే చూస్తుంటారు, చూసిన చోటికే వస్తారు. మార్షల్స్ జెండాలు ఊపి వెనకవాళ్ళని హెచ్చరించాకే అతని దగ్గరికి పరుగెత్తుతారు. నీకు ఆ ఏర్పాటు ఉండదు.

పసుపు జెండా కనిపిస్తే వేగం తగ్గించు, ఎవర్నీ దాటకు, తల తిప్పి పడ్డవాడు ఎవరా అని వెతకకు. ఎర్ర జెండా అయితే చెయ్యెత్తి వెనకవాళ్ళకి తెలియజేసి, నెమ్మదిగా పిట్‌లోకి వచ్చెయ్. హఠాత్తుగా బ్రేక్ పట్టకు. జెండాల నియమాలు చోటుచోటుకీ కాస్త మారతాయి కాబట్టి పొద్దున చెప్పే బ్రీఫింగ్‌కి ఫోన్ చూసుకుంటూ నిలబడొద్దు. పిట్‌లోకి వచ్చాక నేరుగా ట్రాక్ కంట్రోల్ రూము దగ్గరికో మెడికల్ రూము దగ్గరికో వెళ్ళు. అక్కడ నువ్వు నిజంగా పనికొస్తావు. అతని రక్తం గ్రూపు, ఏ మందులు పడవు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి వాళ్ళు అడుగుతారు. మీ నలుగురివీ ఒక కాగితం మీద రాసి టూల్ బాక్సులో పెట్టుకోండి. ఫోన్లో ఉంటే అతని ఫోన్ లాక్ ఎవరు తీస్తారు?

స్పానర్‌చెయ్యి:

ఇంకో మాట. పడ్డవాడు లేచి 'నాకేం కాలేదు, తర్వాతి సెషన్‌కి దిగుతా' అంటాడు. అప్పుడు మీ ముగ్గురూ కలిసి బండి తాళం తీసేసుకోండి. ముందు డాక్టరు చూడాలి. తర్వాత బండి. లీవర్లు, హ్యాండిల్, ఫుట్‌పెగ్ వంగాయా, బ్రేక్ పైపు నలిగిందా, థ్రాటిల్ తిప్పి వదిలితే వెంటనే వెనక్కి వస్తోందా, ఇంజన్ కవర్ పగిలి ఆయిల్ కారుతోందా. కారే బండితో ఒక్క లాప్ తిరిగాడంటే ఆ రోజు మిగతా అందరి సెషన్లూ పోయినట్టే, ట్రాక్ తుడవడానికే సరిపోతుంది. రేడియేటర్‌లో కూలెంట్ బదులు ఉత్త నీళ్ళు పోయమని చాలాచోట్ల అడిగేది కూడా ఇందుకే, కూలెంట్ తారు మీద పడితే జారుడు అంత తేలిగ్గా వదలదు. ఇంటికొచ్చాక మళ్ళీ మార్చుకోవడం మర్చిపోకు.